‘కదలిక తెలియడం లేదు’ అన్న తల్లి మాట వినేదెవరు?

భిలాయ్ సెక్టర్ 2లో రాత్రి తొమ్మిదిన్నర. సెకండ్ షిఫ్ట్‌కి వెళ్లిన మగవాళ్లు ఇంకా ఇళ్లకు రాలేదు. ఎనిమిదో నెల దాటిన కోడలు అత్తతో అంటుంది: ‘‘అత్తమ్మా, పొద్దుట్నించీ కడుపులో బిడ్డ కదలిక తెలియడం లేదు.’’ అత్త తన అనుభవంలోంచి బదులు చెబుతుంది: ‘‘నెలలు నిండుతున్నాయి కదమ్మా, లోపల జాగా చాలదు. కాసిని పంచదార నీళ్లు తాగి పడుకో. పొద్దున్నే చూద్దాం.’’

ఇది ఏ ఒక్క ఇంటి సంగతో కాదు. ఉక్కు కార్ఖానా పని కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో, వాళ్ల పక్కింటి ఛత్తీస్‌గఢీ ఇళ్లలో, హైదరాబాద్ బస్తీల్లో కూడా ఈ సంభాషణ ఇలాగే సాగుతుంది. ఆ అత్త చెడ్డది కాదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. కానీ ‘పొద్దున్నే చూద్దాం’ అన్న మాటలో ఎనిమిది తొమ్మిది గంటలు గడిచిపోతాయి. చాలాసార్లు ఆ గంటలు గడిచినా ఏమీ కాదు. కొన్నిసార్లు ఆ గంటల్లోనే బిడ్డ దక్కకుండా పోతుంది.

గర్భం చివరి నెలల్లో బిడ్డ కదలికలు తగ్గడం మీద ఒక అంబేద్కరైట్ వేదిక సంపాదకీయం రాయడమేమిటి, అది గైనకాలజిస్టులు చెప్పవలసిన విషయం కదా అని కొందరు విద్యార్థి మిత్రులకు అనిపించవచ్చు. ఏ తల్లి మాటను ఆసుపత్రి వెంటనే వింటుంది, ఏ తల్లిని బెంచీ మీద కూర్చోబెడుతుంది, ఎవరి బిడ్డ చావు లెక్కలోకి ఎక్కుతుంది అన్నవి కుల, వర్గ ప్రశ్నలని మేము అనుకుంటాం. అయితే ఆ రాజకీయం మాట్లాడే ముందు వైద్యం చెప్పేది స్పష్టంగా చెప్పుకోవాలి. ఇది చదివే విద్యార్థి ఇంట్లోనే ఒక అక్కో, వదినో ఈ రాత్రి ఆ మాట అనవచ్చు.

బిడ్డ కదలిక చెప్పే కబురు

చాలామంది తల్లులకు 18 నుంచి 20 వారాల మధ్య బిడ్డ కదలిక తెలుస్తుంది. మొదటి కాన్పయితే 20 వారాలు దాటాక తెలియవచ్చు. రెండో కాన్పుకి ఇంకా ముందే, 16 వారాలకే తెలియవచ్చు. మొదట్లో అది కడుపులో చేపపిల్ల కదిలినట్టు, గాలి బుడగ పగిలినట్టు ఉంటుంది. తర్వాత తన్నడం, పొర్లడం, ఒక పక్కకు ఒత్తుకోవడం తెలుస్తాయి. 32 వారాల వరకు కదలికలు పెరుగుతూ వస్తాయి. ఆ తర్వాత దాదాపు అదే స్థాయిలో కొనసాగుతాయి. మధ్యాహ్నం, సాయంత్రం ఎక్కువగా తెలుస్తాయి. బిడ్డ లోపల నిద్రపోతుంది కూడా. ఆ నిద్ర మామూలుగా 20 నుంచి 40 నిమిషాలు ఉంటుంది, 90 నిమిషాలు దాటడం అరుదు.

ఇక్కడే మన ఇళ్లలో పాతుకుపోయిన పెద్ద పొరపాటు ఉంది. నెలలు నిండాక బిడ్డ కదలడం తగ్గుతుందన్నది నిజం కాదు. జాగా తగ్గాక కదలిక తీరు కొంత మారవచ్చు, తన్నడం కంటే పొర్లడం ఎక్కువ కావచ్చు. కానీ కదలిక తగ్గిపోకూడదు. నొప్పులు మొదలయ్యే దాకా, మొదలయ్యాక కూడా, బిడ్డ కదులుతూనే ఉండాలి.

కదలిక ఎందుకు తగ్గుతుంది? చాలాసార్లు కారణం చిన్నదే. తల్లి రోజంతా పని చేస్తూ గమనించలేకపోయి ఉండవచ్చు. మాయ గర్భాశయం ముందు గోడకు అంటి ఉంటే 28 వారాల లోపు కదలిక మందంగా తెలియవచ్చు. కొన్ని మత్తు మందులు కూడా కదలికను తగ్గిస్తాయి. కానీ ఒక కారణం ప్రమాదకరమైనది. మాయ సరిగా పనిచేయక బిడ్డకు అందే ప్రాణవాయువు తగ్గినప్పుడు, ఉన్న కాస్త శక్తినీ గుండెకూ మెదడుకూ దాచుకోవడానికి బిడ్డ కదలడం తగ్గించుకుంటుంది. లోపలి నుంచి బిడ్డ పంపగలిగిన కబురు అదొక్కటే. ఆ కబురు అందేది తల్లి ఒక్కదానికే.

బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2011లో ఇచ్చిన మార్గదర్శకం రెండు సంగతులు పక్కపక్కనే చెబుతుంది. కదలిక ఒకసారి తగ్గిందని వచ్చిన తల్లుల్లో 70 శాతం మందికి చివరికి ఏ చిక్కూ రాలేదు. అదే సమయంలో, బిడ్డ కడుపులోనే చనిపోయిన తల్లుల్లో సగానికి పైగా అంతకుముందు కదలిక తగ్గడాన్ని గమనించారు. మొదటి సంగతి చూసి భయం తగ్గించుకోవాలి. రెండో సంగతి చూసి ఆలస్యం మానుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలి

28 వారాలు, అంటే ఏడో నెల దాటాక, బిడ్డ మామూలుగా కదిలే తీరు తగ్గిందనిపించినా, ఆగిపోయిందనిపించినా అదే గంటలో ఆసుపత్రికి బయలుదేరాలి. మర్నాటి ఓపీ కోసం ఆగకూడదు. రాత్రయినా, ఆదివారమైనా, పండగయినా తేడా లేదు.

తగ్గిందో లేదో తేల్చుకోలేని సందిగ్ధంలో ఉంటే ఎడమ పక్కకు తిరిగి పడుకుని, వేరే పని పెట్టుకోకుండా కదలిక మీదే ధ్యాస ఉంచాలి. రెండు గంటల్లో 10 కదలికలు తెలియకపోతే వెంటనే బయలుదేరాలి. తగ్గిందని ముందే గట్టిగా అనిపిస్తే ఈ రెండు గంటలు కూడా ఆగనక్కర్లేదు. మన దేశంలో చాలామంది డాక్టర్లు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒక్కో గంట లెక్కపెట్టమంటారు. గంటకు మూడు కంటే తగ్గితే రమ్మంటారు. మీ డాక్టరు ఏ పద్ధతి చెప్పినా పాటించండి. కానీ అంకె సరిపోయిందని మనసులోని అనుమానాన్ని కొట్టిపారేయకండి. ప్రతి బిడ్డకూ తన తీరు ఉంటుంది, ఆ తీరు మారడమే అసలు సూచన.

24 వారాలు వచ్చినా ఒక్కసారి కూడా కదలిక తెలియకపోతే చూపించుకోవాలి. 24 నుంచి 28 వారాల మధ్య తగ్గినా బిడ్డ గుండె చప్పుడు వినిపించుకోవాలి. కదలిక తగ్గడంతో పాటు రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, కడుపు గట్టిపడి ఆగని నొప్పి ఉన్నా, విపరీతమైన తలనొప్పితో కళ్లు మసకబారినా 108కి గానీ, ఛత్తీస్‌గఢ్‌లో మహతారీ ఎక్స్‌ప్రెస్ 102కి గానీ ఫోన్ చేయాలి.

పంచదార నీళ్లు, చల్లటి నీళ్లు తాగి, ఏదో ఒకటి తిని బిడ్డను ‘లేపే’ ప్రయత్నంలో సమయం పోగొట్టుకోవద్దు. ఆకలేస్తే తినండి, కానీ అది పరీక్ష కాదు. ఆన్‌లైన్‌లో కొన్న డాప్లర్ యంత్రంతో ఇంట్లో చప్పుడు విని నిశ్చింతగా ఉండవద్దు. చిక్కులో ఉన్న బిడ్డ గుండె కూడా కొట్టుకుంటూనే ఉంటుంది. పైగా తల్లి రక్తనాళాల చప్పుడే బిడ్డదనిపించవచ్చు. ఒకసారి వెళ్లి అంతా బాగుందని వచ్చాక మళ్లీ తగ్గితే మళ్లీ వెళ్లండి. ‘మొన్ననే వచ్చావు కదా’ అని ఎవరు విసుక్కున్నా సిగ్గుపడవద్దు. పదే పదే తగ్గడం మరింత జాగ్రత్తగా చూడవలసిన విషయం. ఇంకొక్క మాట. 28 వారాలు దాటాక రాత్రి వెల్లకిలా కాకుండా ఏదో ఒక పక్కకు తిరిగి నిద్రకు ఉపక్రమించడం మంచిదని పరిశోధనలు చెబుతున్నాయి.

ఆసుపత్రిలో ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి, అప్పుడే అడగగలం. ముందు బిడ్డ గుండె చప్పుడు వినాలి. 28 వారాలు దాటితే కనీసం 20 నిమిషాలు సీటీజీ తీయాలి. చాలాచోట్ల దీన్నే ఎన్‌ఎస్‌టీ అంటారు. తల్లి బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. కడుపు ఎత్తు కొలవాలి. బిడ్డ ఎదుగుదల మీద అనుమానం ఉన్నా, కదలిక ఇంకా తక్కువగానే ఉన్నా స్కాన్ తీసి ఎదుగుదల, ఉమ్మనీరు, అవసరమైతే రక్తప్రసరణ చూడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్షలు, మందులు, కాన్పు, ఆపరేషన్, రక్తం, రవాణా గర్భిణులకు ఉచితం. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ఇచ్చిన హామీ ఇది. దీన్ని దయగా కాక హక్కుగా అడగాలి.

లెక్కపెట్టడం ఒక్కటే చాలదు

చదువుకున్న పాఠకులకు ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. తల్లులకు చైతన్యం కల్పిస్తే చావులు తగ్గుతాయా? సాక్ష్యం అంత సూటిగా లేదు. 1989లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం 68 వేల మంది స్త్రీల మీద జరిగింది. రోజూ కదలికలు లెక్కపెట్టి చార్టులో రాయడం వల్ల బిడ్డల మరణాలు తగ్గినట్టు అందులో తేలలేదు. 2018లో అదే పత్రికలో వచ్చిన ‘అఫర్మ్’ అధ్యయనం బ్రిటన్, ఐర్లండ్‌లలో 4 లక్షలకు పైగా గర్భాలను పరిశీలించింది. తల్లులకు అవగాహన, ఆసుపత్రులకు ఒక ప్రణాళిక ఇచ్చినా మృత శిశు జననాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. మందులతో నొప్పులు తెప్పించడం, సిజేరియన్లు మాత్రం పెరిగాయి. ఇంకోవైపు నార్వేలో తల్లులకు సమాచారం ఇవ్వడంతో పాటు ఆసుపత్రులన్నీ ఒకే పద్ధతిలో వెంటనే స్పందించేలా చేసినప్పుడు మరణాలు తగ్గినట్టు 2009లో ప్రచురించారు.

వీటి నుంచి మేము తీసే నిర్ధారణ ఇది. తల్లి చేతికి చార్టు ఇచ్చి బాధ్యత తీరిపోయిందనుకునే విధానం పనికిరాదు. తల్లి చెప్పగానే కదిలే వ్యవస్థ లేకపోతే, ఆమె గమనించడం వల్ల ఆమెకు భయం మాత్రమే మిగులుతుంది. బ్రిటన్‌లో ఏ పల్లె నుంచయినా ప్రసూతి విభాగానికి అర్ధరాత్రి ఫోన్ చేసి మాట్లాడే వీలుంది. అక్కడ కూడా నల్లజాతి తల్లులకు మృత శిశు జననాల రేటు తెల్లజాతి తల్లులకంటే దాదాపు రెట్టింపు. యంత్రాలు, నిపుణులు, ఫోన్లు ఉన్నచోట కూడా ఎవరి మాటకు విలువ ఉందన్న ప్రశ్న మిగిలే ఉంది. అలాంటప్పుడు కులం ఊపిరిలా పరుచుకున్న మన సమాజంలో ఆ ప్రశ్న ఎంత పెద్దదో విడమరిచి చెప్పనక్కర్లేదు.

ప్రపంచంలో ఏటా దాదాపు 19 లక్షల మంది బిడ్డలు 28 వారాలు దాటాక చనిపోయి పుడుతున్నారు. వాళ్లలో 40 శాతానికి పైగా నొప్పులు మొదలయ్యాక, అంటే చాలామంది ఆసుపత్రి గడప తొక్కాక పోతున్నవాళ్లే. సంఖ్య రీత్యా అత్యధికం మన దేశంలోనే. 2014లో ప్రకటించిన జాతీయ నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక 2030 నాటికి ఈ రేటును వెయ్యికి 10 లోపుకు తెస్తామంది. ఆ గడువు దగ్గరపడుతోంది.

ఉక్కు పట్టణంలో రెండు తలుపులు

భిలాయ్ ఒక ఆదర్శ పట్టణంగా పుట్టింది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం. కార్మికుడికి క్వార్టర్, పిల్లలకు బడి, ఇంటిల్లిపాదికీ వైద్యం. కంపెనీ మెడికల్ కార్డు ఉన్న కుటుంబానికి సెక్టర్ 9 ఆసుపత్రి సొంత ఇంటి లాంటిది. ఊళ్లో వెలివాడలో పుట్టిన దళిత కార్మికుడికి ఇక్కడ మొదటిసారి కులం పేరు కాకుండా టోకెన్ నంబరు దొరికింది. ప్రభుత్వ రంగం మన సమాజాలకు ఇచ్చిన ఆ గౌరవాన్ని మేము తక్కువ చేయం.

కానీ ఆ గౌరవానికి ఎప్పుడూ ఒక సరిహద్దు ఉంది. 1993 నుంచి భిలాయ్‌ని అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 2020లో వెలువడిన ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ అనే గ్రంథంలో ఆ సరిహద్దును స్థానికుల మాటల్లోనే గుర్తించారు: ‘నౌకరీ’ ఉన్నవాడు, ‘కామ్’ చేసేవాడు. ఇద్దరూ కార్మికులే, బతుకులు మాత్రం వేరు. ఏళ్లు గడిచేకొద్దీ నౌకరీలు తగ్గాయి, కాంట్రాక్టు కూలి పెరిగింది. తాత పర్మనెంట్, తండ్రి రిటైర్డ్, కొడుకు ఠేకాదారు దగ్గర దినకూలీ అన్న కుటుంబాలు సెక్టర్లలోనూ, ఖుర్సీపార్, క్యాంప్ బస్తీల్లోనూ కనిపిస్తాయి. తాత కార్డు మీద మనవడి భార్యకు కాన్పు జరగదు. ఆసుపత్రి కళ్ల ముందే ఉంటుంది, తలుపు మాత్రం వేరేవాళ్లది.

ఈ రెండు తలుపుల కథ కొత్తది కాదు. భిలాయ్ కార్ఖానాకు ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గనుల్లో ఎక్కువగా ఆదివాసీ, వెనుకబడిన, దళిత కులాల స్త్రీ పురుషులు కాంట్రాక్టు కింద చేతులతో ఖనిజం తవ్వేవారు. 1977లో వాళ్లు శంకర్ గుహా నియోగితో కలిసి సొంత యూనియన్ పెట్టుకున్నారు. ఆ ఏడాది జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. తర్వాత కొన్నాళ్లకు ఆ యూనియన్ ఉపాధ్యక్షురాలు కుసుంబాయి కాన్పు సమయంలో సరైన వైద్యం అందక మరణించింది. ఆమె కోసం వేలాది కార్మికులు గుమిగూడి, మరో తల్లికి ఇలా జరగకుండా తామే ప్రసూతి ఆసుపత్రి కట్టుకుంటామని ప్రతిజ్ఞ చేశారు. కూలి డబ్బులతో, తమ చేతులతో కట్టిన షహీద్ ఆసుపత్రి 1983 జూన్ 3న, కాల్పుల అమరుల స్మారకంగా తెరుచుకుంది. వినాయక్ సేన్, ఆశీష్ కుండు, శైబల్ జానా వంటి డాక్టర్లు అక్కడ పనిచేశారు, కార్మికుల పిల్లలే ఆరోగ్య కార్యకర్తలయ్యారు. 1991 సెప్టెంబర్ 28న భిలాయ్‌లో నిద్రలో ఉన్న నియోగిని కాల్చి చంపారు. ఆసుపత్రి నిలిచింది.

కుసుంబాయి మరణం నుంచి మనం నేర్చుకోవలసినది యూనియన్ చరిత్ర మాత్రమే కాదు. కంపెనీకి ఖనిజం తవ్వే చేతులు కావాలి, ఆ చేతులున్న ఒంట్లో ఇంకో ప్రాణం ఉంటే మాత్రం అది కంపెనీ బాధ్యత కాదన్న లెక్కను ఆ కార్మికులు ఒప్పుకోలేదు. అదే లెక్క ఇవాళ ఔట్‌సోర్సింగ్ అనే కొత్త పేరుతో సెక్టర్ 2 వీధుల్లోకి వచ్చింది.

బాబాసాహెబ్ వేసిన పునాది

ఈ వాదనకు మన దగ్గర పాత పునాది ఉంది. బాబాసాహెబ్, రమాబాయి దంపతులకు అయిదుగురు బిడ్డలు. యశ్వంత్ ఒక్కడే బతికాడు. చివరి బిడ్డ రాజరత్న 1926లో పోయాడు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు చర్చకు వచ్చినప్పుడు అంబేద్కర్ దాన్ని సమర్థించారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం జాతి ప్రయోజనమని, కాబట్టి దాని ఖర్చులో ప్రభుత్వానికీ వాటా ఉండాలని, స్త్రీల చేత లాభం పొందే యజమాని కూడా భరించాలని వాదించారు. 1929లో బొంబాయి ప్రసూతి చట్టం వచ్చింది. 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చేపట్టాక, గనుల్లోని స్త్రీల ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 1943లో, 1945లో సవరణలు తెచ్చారు. 1945 సవరణ ప్రత్యేకంగా భూగర్భంలో పనిచేసే స్త్రీల గురించి.

ప్రసూతిని ఇంటి గుట్టుగా, ఆడవాళ్ల వ్యవహారంగా వదిలేయకుండా రాజ్యం బాధ్యతగా మార్చిన వాదన అది. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం ఆ దారిలోనే వచ్చింది. చాలామందికి తెలియని మాట ఒకటి ఆ చట్టంలో ఉంది. ‘బిడ్డ’ అన్న పదం నిర్వచనంలో చనిపోయి పుట్టిన బిడ్డను కూడా చేర్చింది. అంటే ఆ తల్లికి కూడా ప్రసూతి సెలవు హక్కు. అయితే 2017లో సెలవును 26 వారాలకు పెంచినప్పుడు సంబరపడిన దేశం, ఇళ్లలో పాచిపని చేసే ఆమె, ఇటుక బట్టీలో మోసే ఆమె, వీధులూడ్చే ఆమె ఆ సెలవు ఎక్కడ అడగాలో చెప్పలేదు. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి కనీసం 6,000 రూపాయలు హక్కుగా రాసింది. 2017లో పథకం వచ్చేసరికి అది మొదటి కాన్పుకు 5,000 అయింది. పరీక్షకు వెళ్తే రోజు కూలి పోయే స్త్రీకి ‘వెంటనే ఆసుపత్రికి రా’ అని చెప్పే ముందు, ఆ రోజు కూలి ఎవరిస్తారో కూడా చెప్పాలి.

ఒంటి మీద రాసిన కులం

మన ఆడవాళ్లు గర్భం దాల్చేటప్పటికే ప్రమాదం ఒంట్లో మోస్తూ ఉంటారు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీ, దళిత, వెనుకబడిన కులాల్లో సికిల్ సెల్ జబ్బు విస్తృతంగా ఉంది. ఆ జబ్బున్న తల్లికి మాయ దెబ్బతినే, బిడ్డ ఎదగకపోయే, కడుపులోనే చనిపోయే ప్రమాదం ఎక్కువ. ఎండ సంగతి చూడండి. తమిళనాడులో 800 మంది గర్భిణుల మీద చెన్నై పరిశోధకులు చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, పనిచోట అధిక వేడికి గురయ్యేవారికి గర్భస్రావం, మృత శిశు జననం ముప్పు రెట్టింపుగా కనిపించింది. మే నెలలో భిలాయ్ ఎండలో నెత్తి మీద తట్ట పెట్టుకుని నడిచే స్త్రీ ఏ కులానిదో చెప్పడానికి సర్వే అక్కర్లేదు.

అయినా సర్వే కావాలి. ఎందుకంటే లెక్కలో లేనిది విధానంలో ఉండదు. చనిపోయి పుట్టిన బిడ్డను నమోదు చేయడం 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం తప్పనిసరి. నమూనా నమోదు వ్యవస్థ ఏటా ప్రచురించే మృత శిశు జననాల రేటు రాష్ట్రాలవారీగా, గ్రామం, పట్టణం వారీగా ఉంటుంది. కులం వారీగా ఉండదు. వలస వచ్చిన తెలుగు దళితుల సంగతి మరీ ప్రత్యేకం. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయినవాళ్లు ఇంకో రాష్ట్రానికి వలస వెళితే అక్కడ ఆ హోదా దానంతటదే రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కులం వాళ్ల వెంట రైలెక్కి వచ్చింది, సర్టిఫికెట్ మాత్రం రాలేదు. రేపు కులం వారీగా లెక్కలు తీసినా, భిలాయ్ తెలుగు మాల, మాదిగ తల్లి ఏ గడిలో కనిపిస్తుందో ఆలోచించాలి.

భాష ఇంకో గోడ. ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఆసుపత్రిలో హిందీ. శ్రీకాకుళం నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ‘కడుపులో బరువుగా ఉంది, తిరగడం లేదు’ అన్న మాటను హిందీలో ఎలా చెబుతుంది? పక్కనున్న మగవాడు చెబితే అది ‘పేట్ మే దర్ద్’ అయిపోతుంది. దాంతో కేసే మారిపోతుంది. పుట్టింటి కాన్పు ఆనవాయితీ కూడా ఉంది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో రాయగడ మీదుగా విజయనగరం రైలెక్కుతారు. అక్కడి డాక్టరుకు ఇక్కడి స్కాన్ కాగితం, బీపీ రాసిన కార్డు చూపించకపోతే ఆమె గర్భం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కార్డు, స్కాన్లు, రక్తం గ్రూపు కాగితం సంచీలో పెట్టుకునే బయలుదేరాలి. దారిలో కదలిక తగ్గిందనిపిస్తే ఇల్లు చేరే దాకా ఆగకుండా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయాలి.

మేము అడిగేది

కదలిక తగ్గిందని వచ్చిన ఏ గర్భిణినైనా, ఏ వేళలోనైనా, ఓపీ చీటీ, మెడికల్ కార్డు, ఆధార్ అడగకముందే పరీక్షించాలి. కంపెనీ ఆసుపత్రి అయినా, జిల్లా ఆసుపత్రి అయినా మొదటి గుండె చప్పుడు వినడానికి ఉద్యోగ హోదా అడ్డు కాకూడదు. సీటీజీ యంత్రం ఉండి దాన్ని చదివే మనిషి లేని ఆసుపత్రి రాత్రిళ్లు మూసి ఉన్నట్టే లెక్క. కాన్పులు జరిగే ప్రతిచోటా ఇరవై నాలుగు గంటలూ ఇద్దరూ ఉండాలి.

2002లో ఛత్తీస్‌గఢ్ దేశానికి మితానిన్‌లను చూపించింది. ఆశా కార్యక్రమానికి ఆ అనుభవమే దారి చూపింది. ఛత్తీస్‌గఢీలో మితానిన్ అంటే నేస్తం. ఆ నేస్తం ప్రతి గర్భిణి ఇంట్లో, అత్తగారు కూడా కూర్చుని ఉండగా, కదలిక గురించి అయిదు నిమిషాలు మాట్లాడాలి. తెలుగు, ఒడియా కుటుంబాలున్న బస్తీల్లో ఆ భాషల్లోనే మాట్లాడాలి. ఆమెకు సకాలంలో జీతం రావాలి.

కాంట్రాక్టు కార్మికురాలికి ప్రసవ పూర్వ పరీక్షల రోజులకు కూలి కోత ఉండకూడదు. ఆ బాధ్యత ఠేకాదారుతో పాటు అసలు యజమానిది కూడా కావాలి. ప్రతి మృత శిశు జననం మీద విచారణ జరగాలి. తల్లి మొదట ఎప్పుడు చెప్పింది, ఎవరికి చెప్పింది, ఎన్ని గంటలకు పరీక్ష జరిగింది, ఆమె కులం ఏమిటి, ఉపాధి ఏమిటి అన్నవి అందులో రాయాలి. తల్లిని దోషిగా నిలబెట్టడానికి ఈ విచారణ వాడకూడదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ‘ముందే ఎందుకు రాలేదు’ అని అడిగేవాళ్లు, ముందే వచ్చిన తల్లిని ఎంతసేపు కూర్చోబెట్టారో కూడా రాయాలి.

వైద్యం, నర్సింగ్, సామాజిక శాస్త్రాలు చదివే విద్యార్థులకు మా విన్నపం వేరే. ఇక్కడ పరిశోధన చేయవలసింది చాలా ఉంది. మీ నానమ్మలు, అమ్మలు పోగొట్టుకున్న బిడ్డల గురించి అడగండి. మన ఇళ్లలో ఆ బిడ్డలకు పేర్లు లేవు, ఫొటోలు లేవు. ‘ఒకటి పోయింది’ అని మాత్రమే చెబుతారు. ఎక్కడ పోయింది, ఆ రోజు ఆసుపత్రి ఎంత దూరంలో ఉంది, ఎవరు ఏమన్నారు అని అడిగి రాసుకుంటే, ఏ సర్వేలోనూ లేని చరిత్ర బయటికి వస్తుంది.

అంతవరకు చేయగలిగిన చిన్న పని ఒకటుంది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు, వీధిలో నిండు నెలల్లో ఉన్న అక్క ఎవరైనా ‘కదలిక తెలియడం లేదు’ అంటే, పొద్దున్నే చూద్దామనే పెద్దల మాటకు గౌరవంగానే అడ్డు పడండి. ఆటో మాట్లాడండి. ఆమెతో పాటు వెళ్లండి. ఆసుపత్రిలో ఆమె మాట ఆమె మాటల్లోనే చెప్పనివ్వండి. అంతా బాగుందని నవ్వుతూ తిరిగి వస్తే ఆ ఆటో డబ్బులు వృథా కాలేదు.

జై భీమ్.